దించుడుబండల దారి

మొదటి నడక

పొద్దున్నే నీడ అంచు దాటాం. ముగ్గురు మనుషులం, సామాను మోసే మోత మర ఒకటి.

రాసే పని నాకిచ్చారు. తక్కువ మాట్లాడేవాళ్ళే రాయాలని మా సంఘం పద్ధతి. మాటకారులు రాస్తే దారి కంటే కబుర్లు ఎక్కువుంటాయట. నా పేరు బాలగురవయ్య. ఆరో నీడలో గుడ్డ కుట్టేవాణ్ణి. ఒంటి మీది గుడ్డ కాదు, ఊరి మీది గుడ్డ. ఎండల ఏళ్ళలో స్తంభాలు పాతి ఊరంతటికీ కప్పారు; అలా కప్పిన ఊళ్ళనే నీడలంటాం. చిరిగిన చోటల్లా స్తంభం ఎక్కి కుట్టడంతోనే నా వయసు గడిచింది. ఇప్పుడు కుట్టినా నిలవడం లేదు. సూది గుచ్చితే పిండిలా రాలుతోంది.

ఎండలు తగ్గాయి. బయట బతకొచ్చని అందరికీ తెలుసు. ఎక్కడ బతకాలన్నదే తెలియదు. తొలి వాన పడేలోపు అడవిలో పాత ఊరు ఒకటి కనిపెట్టి, అక్కడ ఊరే నీళ్ళున్నాయని చూపిస్తే ఆరో నీడ వాళ్ళందరం కలిసి ఆ ఊరికి పోవచ్చు. లేదంటే సముద్రం ఒడ్డు మేడలకు పోవాలి. ఏ మేడలో ఖాళీ ఉంటే ఆ మేడకి, తలా ఒక దిక్కు. వానకు ముందే ఎందుకంటే, వాన పడ్డాక ప్రతి గుంటలోనూ నీళ్ళుంటాయి. అప్పుడు చూపించినా ఎవరూ నమ్మరు.

మేం వెతికే ఊరు దొరువుకొట్టాల. దొరువంటే నేలలోంచి నీరూరే గుంట. పటంలో ఊరి పేరుంది, అడవి మధ్యలో వంకరగా. ఊరు ఫలానా చోటని చూపే చుక్క మాత్రం పేరు కింద లేదు.

మాలో రెండో మనిషి ఓబులమ్మ. ఆమె తల్లి కాశమ్మ ఆ ఊళ్ళో పుట్టింది. ఎండలకి ఊరు లేచిపోయినప్పుడు చిన్నపిల్ల. ఆ ఊరిని కళ్ళతో చూసినవాళ్ళలో ఇప్పుడు ఆమె ఒక్కతే మిగిలింది. మంచం మీదుంది. "మేడలెక్కే దాన్ని కాదు, నన్ను ఈడే పూడ్చి పొండి" అంటోంది. ఓబులమ్మ అందుకే వచ్చింది. మూడోవాడు దస్తగిరి, మరను నడిపేవాడు. దానికి ఆరు కాళ్ళు. పెద్దబ్బి అని పేరు పెట్టాడు. వాళ్ళన్నలాగే మొండిదట.

చివరి స్తంభం దగ్గర ఆగి చెయ్యి వేశాను. ఎన్నిసార్లు ఎక్కానో దాన్ని.

"ఏంది మామా, స్తంభానికి చెప్పి పోతుండావా?" అన్నాడు దస్తగిరి. "మాకు మాత్రం ఒక్క మాటా చెప్పవు."

"పదండి" అన్నాను.

"ఇన్నావా ఓబులక్కా! మామ మాట్టాడినాడు. ఇంక ఈ పూటకి అయిపోయె."

దారి బాగుంది.

రెండో నడక

పాత తారు రోడ్డు మీద నడిచాం. రోడ్డంటే రోడ్డు కాదు. మధ్యలో మద్దిచెట్లు లేచి తారును పెచ్చులు పెచ్చులుగా ఎత్తేశాయి. ఒకచోట పాత అటవీ గేటు కనబడింది. అడ్డకర్ర ఇంకా దించే ఉంది. తీగ అల్లుకుంది. పక్కనుంచి పోవడానికి ఎంత చోటైనా ఉంది, అయినా ముగ్గురం వంగి దాని కిందనుంచే దూరాం. ఎందుకో తెలియదు. పెద్దబ్బి మాత్రం పక్కనుంచి పోయింది.

ఓబులమ్మ రోజంతా పైట నెత్తిమీద నుంచి తీయలేదు. పైన ఊరి గుడ్డ లేకుండా ఇంతసేపు ఆమె ఎప్పుడూ లేదు. మధ్యాహ్నం నీడలో కూర్చుని కొర్ర సంగటి, చింతతొక్కు తిన్నాం. దస్తగిరి పెద్దబ్బి రెక్కలు విప్పి ఎండకు పెట్టాడు. దానికి అదే తిండి. నా ఎడమ మడమ బొబ్బెక్కింది. ఆముదం రాసి గుడ్డ కట్టాను.

సాయంత్రం మిట్ట ఎక్కితే ఊరితో మాట్లాడే మాటపెట్టె పలికింది. ఎత్తు మీదే పలుకుతుంది అది.

"ఎవురూ?" అంది కాశమ్మ.

"నేనేమ్మా, ఓబుల్ని. దోవ చెప్పు."

"తిన్న్యావా?"

"తిన్న్యా. దోవ చెప్పమ్మా."

"సీతాపలం చెట్లు పట్టుకొని పొండి. సంతకి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు తింటా, గింజలు ఊస్తా నడిచేటోళ్ళం. దోవ పొడుగూతా మొలిచినయ్యి."

"అవ్వా, మీరు ఊసిన గింజలేనా మాకు దోవ?" అన్నాడు దస్తగిరి.

"ఎవురబ్బాయ్ నువ్వు?"

"మర తోలే దస్తగిరినవ్వా."

"ఊసినోళ్ళలో మీ అవ్వ కూడా ఉండాది లేరా."

దస్తగిరి చాలాసేపు నవ్వుకున్నాడు.

మూడో నడక

పాతకోట దొరికింది. గోడల్లో సగం మర్రి ఊడలే పట్టుకుని నిలబెట్టాయి. లోపల ధాన్యం పాతర ఉంది. రాతినేల తొలిచి చేసింది, మూతి సన్నం, కడుపు వెడల్పు. తొంగి చూస్తే ఉడుములు. కాపలావాళ్ళు కూర్చునే అరుగు మీద పులిమేక గీతలు చెక్కి ఉన్నాయి. ఎప్పటివో. ఏ రాజు కాపలావాడో పొద్దుపోక చెక్కి ఉంటాడు. గులకరాళ్ళు ఏరుకొని ఒక ఆట ఆడాం. ఓబులమ్మ పులులను నా మేకలు కట్టలేకపోయాయి.

"నోరిప్పకుండానే ఓడిపోతివి గదన్నా. ఒక్కసారన్నా తిట్టుకోవచ్చు గదా" అంది.

కోట వెనకనుంచి సీతాఫలం చెట్లు మొదలయ్యాయి. కొత్తగా చిగురేసి ఉన్నాయి. ఒకటి, కాసేపటికి ఇంకొకటి, మళ్ళీ గుంపుగా నాలుగు. కాశమ్మ చెప్పింది చెప్పినట్టే ఉందని మాకు ఉత్సాహం వచ్చింది. ఓబులమ్మ ముందు నడిచింది. ప్రతి చెట్టునూ తాకి, ఇది మాయమ్మ ఊసింది, ఇది మా అవ్వ ఊసింది అని చెబుతూ పోయింది.

దారి బాగుంది అని రాసుకున్నాను. అది తప్పని మర్నాడు తెలిసింది. కొట్టెయ్యడం లేదు. వెనక వచ్చేవాళ్ళు చూసుకోవాలి.

నాలుగో నడక

కోట వెనక సీతాఫలం చెట్లను నమ్మి పోకండి.

చెట్లు కొండ మీదికి ఎక్కాయి. మేమూ ఎక్కాం. రాళ్ళు పెద్దవయ్యాయి. చేతులు ఆనించి పాకాల్సి వచ్చింది.

"మీయమ్మోళ్ళు సంత కొండ నెత్తిన పెట్టుకున్న్యారా ఏంది అక్కా?" అన్నాడు దస్తగిరి.

"నడువు. పూర్వం వాళ్ళకు కాళ్ళల్లో బలముండేది."

ఇంకాస్త ఎక్కితే ఒక చదును బండ. బండ మీద పెద్ద పెంట కుప్ప. నిండా తుమికి గింజలు. పక్కనే పాత కుప్ప ఒకటి, దాంట్లోంచి సీతాఫలం మొక్క మొలిచి ఉంది. దస్తగిరి కర్రతో కదిపి చూశాడు. నా మొహం చూశాడు.

"సంతకి పోయినోళ్ళు ఊసినాక ఇట్టా కూడా చేసినారా మామా?"

నాకప్పుడు అర్థమైంది. చెప్పేలోపే బండ పక్క గుహలోంచి ఎలుగుబంటి వచ్చింది. వీపు మీద రెండు పిల్లలు. అది మమ్మల్ని చూసింది. మేం దాన్ని చూశాం. జంతువు కనబడితే దారి ఇవ్వాలని పెద్దబ్బికి నేర్పారు. అది మర్యాదగా వెనక్కి వెనక్కి జరిగి, బండ అంచు దాటి, పెద్ద చప్పుడుతో రాళ్ళ సందులో పడింది. ఆ చప్పుడుకు ఎలుగుబంటి అదిరిపడి పిల్లలతో సహా అటువైపు దిగి పోయింది.

తర్వాత ఓబులమ్మకు నవ్వొచ్చింది. కూలబడి, కడుపు పట్టుకొని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఎలుగొడ్డును మాయవ్వ అనుకుంటా వచ్చినా గదరా! ప్రతి చెట్టుకీ దండం పెడితిని!"

పెద్దబ్బి ముందు కాళ్ళు రెండూ విరిగాయి. దస్తగిరికి మాత్రం నవ్వు రాలేదు.

అయిదో నడక

ఆ చదును బండ మీద మాటపెట్టె బాగా పలుకుతుంది. ఇన్నాళ్ళలో అంత బాగా ఎక్కడా పలకలేదు. అదొక్కటే లాభం.

సంఘం వాళ్ళు మాట్లాడారు. సముద్రం మీద మబ్బు కడుతోందట. మేడలవాళ్ళు పేర్లు రాసుకోవడానికి మనిషిని పంపారట. చుట్టాలను ఒకే మేడలో వెయ్యడం కుదరదని ముందే చెప్పారట. తిరిగి వచ్చేస్తారా అని అడిగారు. ఓబులమ్మ పెట్టె లాక్కొని, మాయమ్మను పిలవండి అంది.

"అమ్మా, నీ సీతాపలాలు ఎలుగొడ్డు నాటినయ్యి. దాని ఇంటికాడికే పోయినాం."

"బాగుండాదా?"

"ఏందీ?"

"ఎలుగొడ్డు."

"పిల్లల తల్లి. బాగానే ఉండాది. అమ్మా, ఎగతాళి కాదు. మర ఇరిగింది, వానొస్తాంది. ఇంకేమన్నా గుర్తు తెచ్చుకో."

పెట్టె చెడిందేమోనని దస్తగిరి తట్టి చూశాడు.

"దోవ నాకేం గుర్తుంటాదే? మాయమ్మ చీర కొంగు పట్టుకొని నడిచినదాన్ని, ఆమె మడమలు తప్ప ఏం చూల్యా" అంది. "మాయమ్మ మోపు దించుకునేది గుర్తుండాది. రెండు రాళ్ళు నిలబెట్టి పైన అడ్డంగా బండ. ఇల్లు లేని వాకిలి మాదిరి. నిలబడే దించుకోవచ్చు, నిలబడే ఎత్తుకోవచ్చు. ఇంకో మనిషి చెయ్యి అక్కర్ల్యా. దించుడుబండ అనేటోళ్ళు. దోవంతా అవే. ఒక బండ కాడ నిలబడితే ఇంకో బండ కనపడాల."

"ఆ మాట మొదలే చెప్పకపోతివే!"

"నువ్వు దోవ అడిగితివి. రాళ్ళు ఎప్పుడడిగితివి?"

ఎవరు నిలబెట్టారవి అని దస్తగిరి అడిగాడు. కాశమ్మ చెప్పింది. కడుపుతో ఉండి, కాన్పు కాకుండానే పోయిన ఆడమనిషి పేరు మీద ఆమె ఇంటివాళ్ళు నిలబెడతారట. ఆమె బరువు దిగకుండానే పోయింది కదా, దారినపోయేవాళ్ళైనా దించుకుంటారని.

"నిలబెట్టినంక ఇంటాయన దోవకు మొగం పెట్టి ఆమె పేరు గట్టిగా పిలవాల. పిలవకపోతే అది ఉత్త బండే. మోపు దించుకునేవాళ్ళు కూడా ఆ పేరు తలుచుకొని దించుకోవాల. మాయమ్మకు అందరి పేర్లూ నోటికొచ్చు. నాకు రావు."

పెట్టె ఆగిపోయాక కూడా నేను అక్కడే కూర్చున్నానట. దస్తగిరి నీళ్ళసీసా తెచ్చి ఇచ్చాడు. "ఏంది మామా, అట్టుండావ్?"

ఏం లేదన్నాను.

మా ఇంటామె ఏడో నెలలో పోయింది. నేను స్తంభం మీద ఉన్నాను అప్పుడు. ఇది దారికి పనికొచ్చే సంగతి కాదు. కానీ రాశాను కాబట్టి ఉండనిస్తున్నాను.

ఆరో నడక

పెద్దబ్బిని సందులోనే వదిలి, మీద రెక్కలు కప్పి దిగాం. దస్తగిరి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. సామాను మేమే మోశాం. ఓబులమ్మ నెత్తిమీద నీళ్ళ డబ్బా, దస్తగిరి నెత్తిమీద బియ్యం మూట, నా భుజాన పారలు, గడ్డపార.

కోట దగ్గరికి వచ్చి, చుట్టూ వెతకడం మొదలుపెట్టాం. ఇల్లు లేని వాకిలి కోసం. రాళ్ళు ఎన్ని చూశామో. అడవి నిండా రాళ్ళే. నిలబడిన ప్రతి రాయీ వాకిలిలాగే కనిపించింది. మధ్యాహ్నానికి దస్తగిరి అలిగి మాట్లాడటం మానేశాడు. ఇద్దరం మాట్లాడని వాళ్ళమయ్యేసరికి ఓబులమ్మకు దిక్కు తోచలేదు.

"ఒకాయన పుట్టుకతో మూగ, ఒకాయన అలిగిన మూగ. నా ఖర్మ! అన్నా, రోంత ఈ డబ్బా దించు" అంది.

నేను పారలు కింద పెట్టి వచ్చేలోపు ఆమెకు ఓపిక లేకపోయింది. పక్కనున్న పొద మీదికి డబ్బాను అలా తోసింది. పొద కుంగుతుందనుకున్నాను. కుంగలేదు. డబ్బా రాయి మీద కూర్చున్న చప్పుడైంది.

ముగ్గురం ఆ పొదనే చూస్తూ నిలబడ్డాం. తర్వాత కొడవళ్ళు తీశాం.

తిప్పతీగ, దూలగొండి, దాని కింద నాచు. నాచు కింద బండ. రెండు నిలువు రాళ్ళ మీద అడ్డంగా, ఓబులమ్మ తల ఎత్తున. పైభాగం అద్దంలా నునుపు తేలి, కుండల అడుగులు ఆని గుంటలు పడి ఉన్నాయి. ఓబులమ్మ ఆ గుంటలో చెయ్యి పెట్టింది.

"ఎవురమ్మా నువ్వు? పేరు తెలీకుండానే దించుకుంటి" అంది.

దూలగొండికి ముగ్గురికీ ఒళ్ళంతా దురద. అయినా రాత బాగానే సాగుతోంది.

ఏడో నడక

బండ దగ్గర నిలబడి ముందుకు చూస్తే ఏమీ కనబడదు, చెట్లు తప్ప. దస్తగిరి బండ ఎక్కి నిలబడతానన్నాడు. ఓబులమ్మ ఒప్పుకోలేదు. "ఆడమనిషి పేరు మీది బండ, దాని మీద నీ చెప్పులా?" పక్కనున్న చెట్టెక్కాడు. లోయవైపు వాలులో నల్లగా అడ్డగీత ఒకటి కనిపించిందట.

పటం ప్రకారం పోవాల్సింది పైకి. బండ ఉన్నది కిందికి. బండ మాటే విన్నాం.

ఒక్కో బండ దొరికినప్పుడల్లా చుట్టూ పొదలు కొట్టి, తుడిచి, ఓబులమ్మ డబ్బా దించి, ఎవరమ్మా నువ్వు అని పలకరించి, మళ్ళీ ఎత్తుకునేది. దారి ఎక్కడా నిటారుగా లేదు. వాగు దగ్గర ఊరికే చుట్టు తిరుగుతుంది అనిపించింది. కానీ నెత్తిన బరువుతో పోయేవాళ్ళకు అదే దగ్గర దారి. కొమ్మలు తలకు తగలవు. కాలు జారదు. ఆ అడుగులన్నీ ఆడవాళ్ళవే.

పెద్ద వాగు దాటాక బండల వరస తెగిపోయింది. చెట్టెక్కినా కనబడలేదు. దక్షిణాన మబ్బు మాత్రం కనబడిందని దస్తగిరి చెప్పాడు.

ఎనిమిదో నడక

పొద్దున అంతా వెతికాం. లేదు. దారి రెండుగా చీలినట్టుంది. ఒకటి వాగు వెంబడి, ఒకటి గుట్ట పక్కగా. దేని మీదా బండ లేదు. గాలి తిరిగింది. తడి వాసన వస్తోంది.

ఓబులమ్మ వాగు ఒడ్డున కూర్చుంది. "మాయమ్మను మేడలెక్కించేది నా చేత కాదు. మెట్ల కాడే పోతాది ఆమె" అంది. ఎవరితోనూ అన్నట్టు లేదు.

అప్పుడు దస్తగిరి లేచాడు.

"అక్కా, మొన్న కోట కాడ డబ్బా యాడ దించితివి?"

"బండ మీద."

"అదే. చూసి దించల్యా. మెడ నొప్పెత్తి దించితివి. నొప్పెత్తిన కాడే బండ ఉండె. మీయవ్వోళ్ళ మెడలూ మెడలే గదా. బరువెత్తుకొని నడుస్తాం. ఇంక నా వల్ల గాదు అనేకాడ వెతుకుదాం."

మంచి మాట అన్నాను. పైకే అన్నాను. వాడు సంతోషించాడు.

డబ్బా నిండా నీళ్ళు నింపి ఓబులమ్మకు ఎత్తాం. దస్తగిరి మూటకు రెండు రాళ్ళు చేర్చుకున్నాడు. వెనకటి బండ దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. వాగు వెంబడి దారిలో పది అడుగులకే కొమ్మ తగిలి డబ్బా ఒలికింది. అది కాదని తెలిసిపోయింది. గుట్ట పక్కగా నడిచారు. "మెడ ఇరిగిపోతాంది, మా అమ్మ ఎట్టా మోసిందో" అంటూ దస్తగిరి, "మోసినప్పుడు నువ్వు చంకనెక్కి ఏడ్చింటావు" అంటూ ఓబులమ్మ. కాస్త దూరం పోయాక ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. మలుపు దగ్గర ఇద్దరూ ఒకేసారి ఆగి, "దించు మామా", "దించన్నా" అన్నారు.

పక్కన గండి. ఎప్పటి వరదో గట్టు కోసుకుపోయింది. గండిలోకి దిగి చూశాను. నిలువు రాళ్ళు రెండూ ఒరిగి ఉన్నాయి. అడ్డబండ బోర్లా పడి ఉంది. విరగలేదు.

పైకి ఎక్కి చూస్తే, పడిపోయిన చోటు నుంచి తరువాతి బండ స్పష్టంగా కనిపిస్తోంది.

తొమ్మిదో నడక

దొరువుకొట్టాల చేరాం.

కొండలు మూడువైపులా ఉన్న చిన్న పల్లం. ఇళ్ళ గోడలు మొల ఎత్తున ఉన్నాయి. తిరగలి రాయి ఒకటి వాకిట్లోనే ఉంది, మళ్ళీ వస్తామని వదిలి పోయినట్టు. ఒక గోడ గూట్లో దీపం మసి ఇంకా ఉంది. వేలితో రుద్దితే అంటింది. ఊరి చివర కడపటి దించుడుబండ, నడుము ఎత్తున ఇంకొకటి దాని పక్కనే. చిన్నది ఎందుకో మొదట తెలియలేదు. ఓబులమ్మ చూసి, ఆడపిల్లలకు అంది. చిన్న బిందెలకు.

దొరువు ఎక్కడో వెతకాల్సిన పని లేకపోయింది. ఊరి మధ్య రాళ్ళు పేర్చిన గుంట. కానీ నిండా ఆకు, మట్టి. పైన తుమ్మ మొలిచింది. నీటి చుక్క లేదు.

పొద్దు వాలేదాకా తవ్వాం. ఎండు మట్టే. మబ్బు కొండ అంచుకు వచ్చింది.

పదో నడక

తెల్లవారగానే మళ్ళీ దిగాం. దస్తగిరి తవ్వితే నేను తట్టకెత్తాను, ఓబులమ్మ పైకి లాగింది. దూరంగా ఉరుము.

మొల లోతులో మట్టి రంగు మారింది. నల్లబడింది. పిడికిట పట్టి చూస్తే ముద్దయింది. దస్తగిరి పార పడేసి చేతులతో తవ్వడం మొదలుపెట్టాడు. అడుగున పేర్చిన పలకరాళ్ళు తగిలాయి. ఒక పలక కింద గడ్డపార పెట్టి ఇద్దరం ఎత్తాం.

ముందు చప్పుడు వినిపించింది. పిల్లవాడు పాలు తాగేటప్పుడు చేసే చప్పుడు. తర్వాత నీళ్ళు కనిపించాయి. బురదగా, సన్నగా.

నీళ్ళు ఊరుతున్నాయని రుజువుకి సంఘం ఇచ్చిన కొలత పెట్టెకు జానెడు నీళ్ళు కావాలి. అప్పుడే అది రోజు, వేళతో ముద్ర వేస్తుంది. మేం గుంట గోడకు ఆనుకొని నిలబడి చూస్తున్నాం. బెత్తెడు. ఇంకాస్త. గాలి ఆగిపోయింది. మబ్బు ఊరి నెత్తిమీదికి వచ్చింది. ఓబులమ్మ పైనుంచి తన పైట గుంట మీద పరిచి పట్టుకుంది, చినుకు పడితే కలవకుండా.

"ఊరు తల్లీ, ఊరు. మా ఊరు నిలబెట్టు" అంటోంది.

జానెడు అయింది. పెట్టె ముంచాను. ఎర్ర దీపం పచ్చగా మారింది. నా చెయ్యి ఇంకా నీళ్ళలో ఉండగానే ఓబులమ్మ పైట మీద మొదటి చినుకు పడిన చప్పుడైంది.

ముద్ర వానకు ముందుది. కానీ మనవాళ్ళను ఎక్కించుకొని మేడలవాళ్ళ బళ్ళు కదిలేలోపు ఆ మాట సంఘానికి చేరాలి. ఈ పల్లంలో మాటపెట్టె పలకదు.

దస్తగిరి రెండు పెట్టెలూ మెడలో వేసుకున్నాడు. "ఎలుగొడ్డు ఇంటికాడ బాగా పలుకుతాది గదా. పోయొస్తా. ఆమెకేమన్నా చెప్పాల్నా?"

"మాయవ్వను అడిగినానని చెప్పు" అంది ఓబులమ్మ. ఏడుస్తూనే అంది.

పదకొండో నడక

నడవలేదు. వాన. గోడల మధ్య టార్పాలిన్ కట్టుకొని కూర్చున్నాం. వాగు పొంగి ఉంటుంది. దస్తగిరి రాలేదు.

ఓబులమ్మ మధ్యమధ్యలో దొరువు చూసి వస్తోంది. ఇప్పుడు నిండింది. ఏది వానదో ఏది ఊరిందో ఎవరికీ తెలియదు.

పన్నెండో నడక

వాన తెరిపి ఇచ్చాక దస్తగిరి వచ్చాడు. కడపటి బండ దగ్గర నిలబడి కేకేశాడు. చెప్పులు లేవు. చొక్కా సగం లేదు. నవ్వుతున్నాడు.

"చెప్పినా! ముద్ర సంఘానికి అందింది. బళ్ళు ఎనక్కి పంపినారు. అందురూ ఈడికే."

"మాయమ్మ ఏమన్న్యాది?"

"నీళ్ళు తియ్యగుండాయా, కొద్దిగా వగరా అని అడిగె. వగరే అవ్వా అంటి. అయితే అదే అని పెట్టె పెట్టేసె."

వాన బాగా వెలిశాక అందరూ బయల్దేరతారట. మోత మరలు తక్కువ. ఎవరి సామాను వాళ్ళే మొయ్యాలి. అది విని ముగ్గురికీ ఒకటే గుర్తొచ్చింది. గండి దగ్గర బండ లేదు. అక్కడే మెడలు నొప్పెడతాయి. అక్కడే దారి తప్పుతారు.

మోకులు తీసుకొని పోయాం. గండికి ఎగువన గట్టి నేల చూసి గుంటలు తీశాం. నిలువు రాళ్ళు దొర్లించి పాతేసరికి మధ్యాహ్నం దాటింది. అడ్డబండను వాసాల మీదుగా జరిపి ఎత్తాం. కూర్చుంది.

"పోదాం పాండి" అన్నాడు దస్తగిరి.

"పేరు పిలవకుండానా? అమ్మ ఏం చెప్పె?" అంది ఓబులమ్మ. "పాత పేరు మనకు తెలీదు. మళ్ళీ నిలబెట్టింది మనం. పేరు లేకపోతే ఉత్త బండే." కాసేపు ఆలోచించింది. "మా ఇంట్లో అట్టా పోయినోళ్ళు ఎవురూ లేరు. మీ ఇంట్లో?"

దస్తగిరి తల అడ్డంగా ఊపాడు.

"ఉంది" అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు. 

దారికి మొహం పెట్టి నిలబడ్డాను. మా కాలంలో ఇంటామెను పేరు పెట్టి పిలిచేవాళ్ళం కాదు. ఇదిగో అనేవాణ్ణి. ఆమె పలికేది. స్తంభం మీద నుంచి కూడా ఇదిగో అనే కేకేసేవాణ్ణి, కింద నుంచి చెయ్యి ఊపేది. ఆ పేరు నా నోటితో ఒక్కసారీ పలకలేదు. ఎలా ఉంటుందో కూడా తెలియదు.

ఓబులమ్మ మెల్లగా వచ్చి, డబ్బా నెత్తిన పెట్టుకొని, బండ ముందు నిలబడింది. దించడానికి ఎదురుచూస్తున్నట్టు.

"తిరుపాలమ్మా!" అన్నాను.

చిన్నగా వచ్చింది. దస్తగిరి, "దోవకి ఇనపడాల మామా" అన్నాడు. ఎగతాళిగా కాదు.

రెండోసారి గట్టిగానే పిలిచాను.

"తిరుపాలమ్మా, దించుకుంటాండా తల్లీ" అంది ఓబులమ్మ. డబ్బా బండ మీద పెట్టింది.

పదిహేనో నడక

మధ్యలో రెండు నడకలు రాయలేదు. గోడలు ఎత్తడం, తుమ్మ కొట్టడం. అవి దారి సంగతులు కావు.

దస్తగిరి కోట దాకా ఎదురు పోయి దారి చూపిస్తే, ఈ రోజు ఆరో నీడ వచ్చింది. నేను గండి దగ్గర కూర్చున్నాను, ఎవరైనా వాగు వెంబడి పోతారేమోనని. ముందు డోలీలో కాశమ్మ వచ్చింది. బక్కచిక్కి, పక్షిలా ఉంది. బండ కనబడగానే డోలీ దింపమంది. చెయ్యి చాపి నిలువురాయిని తడిమింది.

"ఈడ ఒకటి ఉండేది. మాయమ్మ ఈడ ఒక పేరు చెప్పేది" అంది. "ఇప్పుడు ఎవురిదబ్బాయ్ ఇది?"

ఇంత వయసొచ్చిన నన్ను అబ్బాయ్ అన్నవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు.

"మా తిరుపాలమ్మది" అన్నాను.

ఆమె తల ఊపింది. వెనక వచ్చేవాళ్ళవైపు తిరిగి ఆ గొంతుతోనే కేకేసింది. "తిరుపాలమ్మ బండ! పేరు చెప్పి దించుకోండి!"

ఒకరి వెనక ఒకరు వచ్చారు. సామాన్ల మూటలు, పొయ్యి రాళ్ళు, కోళ్ళ గంపలు, నేను కుట్టిన గుడ్డ ముక్కల్లో కట్టిన గింజలు. తిరుపాలమ్మా, దించుకుంటాండా. తిరుపాలమ్మా, రోంతసేపు పట్టుకో తల్లీ. కొందరు ముసలివాళ్ళు, కొందరు ఆమె పోయినప్పటికి పుట్టనివాళ్ళు. దించి, మెడ తిప్పుకొని, గాలి పీల్చుకొని, మళ్ళీ ఎత్తుకొని పోయారు. పెద్దబ్బి కూడా వచ్చింది, కొత్తగా కట్టిన కర్రకాళ్ళతో కుంటుకుంటూ. దస్తగిరి దాన్నీ బండ దగ్గర ఆపి, దాని తరఫున పేరు చెప్పాడు.

పొద్దు వాలేదాకా ఆ పేరు వింటూ కూర్చున్నాను.

దారి బాగుంది.